ఎడమకు తిరిగిన గుర్రం

అనగా అనగా, గుర్రాలకు బారెడు పేర్లు పెట్టి, వాటి లద్దె ఎత్తే మనుషులకు పేరుందన్న సంగతే మరిచిన కాలమొకటి ఉండేది. అదెప్పుడని అడక్కండి. నాకు చెప్పిన అవ్వకు తెలియదు, ఆ అవ్వకు చెప్పిన అవ్వకూ తెలియదు. ఆ కాలంలో గద్దలబండ మీద ఒక కోట. ఆ కోటలో ఒక పాళెగాడు. ఆ పాళెగాడికి నూరు గుర్రాలు. నూరు గుర్రాలకూ కలిపి ఒక్కటే పొరక. ఆ పొరక పట్టిన మనిషి సుంకమ్మ.

సుంకమ్మ అన్న పేరు ఆమెకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. కోటలో అందరూ ఆమెను లద్దెల్ది అనేవాళ్ళు. "ఏయ్ లద్దెల్దానా, ఇటు ఊడ్చు. ఏయ్ లద్దెల్దానా, అటు ఊడ్చు." ఆమె ఇటు ఊడ్చేది, అటు ఊడ్చేది. నోరు తక్కువ మనిషి, చూపు ఎక్కువ మనిషి. పుట్టింది గొర్రెల కాపర్ల ఇంట్లో. ఒక పెద్ద కరువులో మంద పోయింది, మందతో పాటు ఇంటివాళ్ళూ పోయారు. మిగిలిన ఒక్క పిల్ల కోటలోకొచ్చి లాయంలో చేరింది. చేరిన చోటే జుట్టు నెరిసింది.

ఆమెకు రోజూ మూడు పనులు. పొద్దున లద్దె ఎత్తాలి, పగలు ఊడ్వాలి, పొద్దుగూకే ముందు గుర్రాల కాళ్ళకింద బూడిద చల్లాలి. తడికి గిట్టలు కుళ్ళకుండా ఆ బూడిద. జల్లెడ పట్టిన మెత్తటి బూడిద చల్లితే తెల్లారేసరికి నేల మీద అడుగులన్నీ పడి ఉండేవి. ఏ గుర్రం పడుకుంది, ఏది నిలబడే ఉంది, ఏది కాలు ఈడ్చింది, అన్నీ అందులో తెలిసిపోయేవి. ఊడ్చేముందు సుంకమ్మ కాసేపు నిలబడి ఆ అడుగుల్ని చూసేది. చూడమని ఆమెకెవరూ చెప్పలేదు. ఊడ్చేస్తే పోతాయి కదా అని చూసేది, అంతే.

ఆ లాయానికి పెద్ద మారన. గుర్రాన్ని సాకి, మాలిష్ చేసి, నడక నేర్పే సాహిణి. కోరమీసం, గట్టి గొంతు. చెడ్డవాడేం కాదు. నూరు గుర్రాలకు కళ్ళెం వేసినవాడు తన నోటికి మాత్రం వేసుకోలేకపోయాడు. సుంకమ్మకు లద్దెల్ది అన్న పేరు పెట్టిందే అతను. గంప ఒక్క అడుగు అడ్డమొస్తే కాలితో తన్నేవాడు. అదే మారన ఉలవలు నానబెట్టేముందు గింజ గింజా చూసి రాళ్ళు ఏరేవాడు. ఏ గుర్రం పంటికీ రాయి తగలనిచ్చేవాడు కాదు. అది కూడా సుంకమ్మ చూసింది.

నూరు గుర్రాల్లోనూ ఒకటి గొప్పది. దాని పేరు రణమేఘం. మబ్బు రంగు ఒళ్ళు, నల్లటి జూలు. అది కొత్తగా వచ్చిన నాడు సుడుల సోమప్ప దాని ఒళ్ళంతా తడిమి చూశాడు. గుర్రం వెంట్రుకల్లో ఉండే సుడుల్ని బట్టి మంచీ చెడూ చెప్పడం ఆయన విద్య. "నుదుట జంట సుడి, గొంతు కింద దేవమణి సుడి. ఈ గుర్రం ఉన్నన్నాళ్ళూ ఈ కోటకు చెడు లేదు" అన్నాడు. పాళెగాడు కొండమనాయుడు మురిసిపోయాడు. సుంకమ్మ మాత్రం సుడులు చూడలేదు. లద్దె ఎత్తడానికి వంగితే ఆ గుర్రం ముక్కుతో ఆమె వీపు మెల్లగా తోసేది. "ఏం మబ్బోడా, నన్ను కూడా గడ్డి మోపనుకుంటివా?" అనేది ఆమె. కోటలో ఆమెను పలకరించే ప్రాణి అదొక్కటే.

ఒక ఏడాది ఎండలు తగ్గే వేళ, మబ్బోడిలో మూడు మార్పులు ఆమె కంట పడ్డాయి.

మొదటిది, గడ్డి నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. సగం గడ్డి పెదాల బయట వేలాడుతుండేది.

రెండోది, గోడకు నుదురు ఆనించి నిలబడేవాడు. పిలిచినా తిరిగేవాడు కాదు.

మూడోది, బూడిద. తెల్లారి చూస్తే వాడి కొట్టంలో అడుగులన్నీ గుండ్రంగా పడి ఉండేవి. గానుగెద్దు తిరిగినట్టు ఒకే బాట. ఆ బాట ఎప్పుడూ ఎడమకే.

అది చూసిన రోజు సుంకమ్మ ఊడ్వకుండా పొరక పక్కన పెట్టింది. అట్లాంటి గుండ్రటి బాట ఆమె చిన్నప్పుడు చూసింది, గొర్రెల దొడ్లో.

"మారనన్నా, మబ్బోడికి బాగలేదు. ఒకటే పక్కకు తిరగతా ఉండాడు" అని చెప్పింది.

"లద్దెల్దానా, నువ్వు నాకు గుర్రం సంగతి జెప్తావా? గంపెత్తుకోని పో" అన్నాడు మారన.

ఆమె గంపెత్తుకుని పోయింది. రెండు నెలలు గడిచాయి. దసరా వచ్చింది.

ఆ కోటలో విజయదశమి నాడు పాళెగాడు గుర్రమెక్కి జమ్మిచెట్టు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చెయ్యాలి. కుడికి తిరగాలి. గుడి చుట్టూ అయినా, చెట్టు చుట్టూ అయినా బతుకు కోరేవాడు తిరిగేది కుడికే. ఎడమ చుట్టు చితి దగ్గర తిరిగే చుట్టు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి చూస్తున్నాయి. డప్పులు మోగుతున్నాయి. కొండమనాయుడు రణమేఘం ఎక్కి జమ్మి దగ్గరికి వచ్చాడు.

మొదటిసారి కళ్ళెం కుడికి లాగాడు. గుర్రం ఎడమకు తిరిగింది.

రెండోసారి కళ్ళెం లాగి డొక్కలో తన్నాడు. గుర్రం ఎడమకు తిరిగింది.

మూడోసారి చర్నాకోలతో కొట్టాడు. గుర్రం చెట్టు చుట్టూ ఎడమగా పూర్తి చుట్టు తిరిగి, జమ్మి మానుకు నుదురు ఆనించి నిలబడిపోయింది.

డప్పులు ఆగిపోయాయి. అంత జనంలో ఒక్క పసిబిడ్డ కూడా ఏడవలేదు. కొండమనాయుడు దిగి, చెయ్యి నొచ్చేదాకా ఆ గుర్రాన్ని కొట్టాడు. అది కదల్లేదు. దెబ్బ పడినకొద్దీ నుదుటిని చెట్టుకు ఇంకా గట్టిగా నొక్కుకుంది. జనం వెనక నిలబడిన సుంకమ్మ ఆ దెబ్బలన్నీ చూసింది. చూడలేక కళ్ళు మూసుకుంటే చప్పుడు వినబడింది.

ఆ తర్వాత ఏం చెయ్యాలో సోమప్ప చెప్పాడు. మొదట దిష్టి తీశారు. నిమ్మకాయలు పగిలాయి గానీ గుర్రం మారలేదు. తర్వాత వేపాకు పొగ వేశారు. మనుషులు దగ్గారు గానీ గుర్రం మారలేదు. తర్వాత ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి రెండు చెవుల కింద వాతలు పెట్టారు. ఒళ్ళు కాలింది, గుర్రం మారలేదు.

సోమప్పకు చిక్కొచ్చి పడింది. గుర్రం మంచిది కాదంటే తను చదివిన సుడులు తప్పవుతాయి. అందుకని గడ్డం నిమురుకుని అన్నాడు: "సుడులు తప్పవు సామీ. గుర్రంలో దోషం లేదు. ఎవురో దానికి మందు పెట్టినారు."

"మేత పెట్టేదెవురు?" అన్నాడు కొండమనాయుడు.

ఇంకెవరు, మారన. రణమేఘానికి అతను తప్ప ఇంకెవరూ మేత పెట్టేవాళ్ళు కాదు. పక్క కోటవాళ్ళు ఆశపెట్టి ఉంటారని ఒకరన్నారు. ఒకరన్న మాట ముగ్గురి నోట్లో పడేసరికి నిజమై కూర్చుంది. మారనను కొట్లో వేశారు. వచ్చే పున్నమి నాడు కోట వాకిట్లో, మేత పెట్టిన ఆ కుడిచెయ్యి నరకాలని తీర్పు చెప్పారు.

ఆ మాట విని సుంకమ్మ పొరక పట్టుకుని లాయంలో కూలబడింది. ఆ కుడిచెయ్యి తనను ఎన్నిసార్లు గెంటిందో ఆమెకు గుర్తుంది. పోతే పోనీ అనుకుందామని చూసింది. మనసొప్పలేదు. ఉలవల్లో రాళ్ళు ఏరిన చెయ్యి కూడా అదే కదా. పైగా అసలు జబ్బేమిటో తెలిసిన మనిషి ఆ కోటలో తనొక్కతే. తెలిసీ నోరు మూసుకుంటే ఆ కత్తి పిడి మీద తన వేళ్ళు కూడా ఉన్నట్టే. పున్నమి ఇంకా మూడు రోజులే ఉంది. ఆమె లేచి, చేతులు కడుక్కుని, చావడికి పోయింది.

"మందు కాదు సామీ" అంది గడప బయటే నిలబడి.

"ఎవురే నువ్వు?" అన్నాడు కొండమనాయుడు. ముప్పయ్యేళ్ళుగా తన లాయం ఊడ్చిన మనిషిని పట్టుకుని అడిగాడు ఆ మాట.

"సుంకమ్మను సామీ. లద్దె ఎత్తేదాన్ని."

"దీనికి పేరు గూడా ఉండాదే" అని ఎవరో నవ్వారు.

సుంకమ్మ నవ్వినవాడి వైపు చూడలేదు. "మందు పెడితే మొట్టమొదట జెప్పేది లద్దె సామీ. పల్చనైతాది, రంగు మారతాది, కంపు మారతాది. రోజూ నేనే ఎత్తతా ఉండా. రవ్వంత తేడా లేదు. మబ్బోడి కడుపులో ఏమీ లేదు. జబ్బు తలకాయలో ఉండాది. ఎడమ పక్క."

సోమప్ప పకపకా నవ్వాడు. "ఏం, చెవిలో దూరి చూసొస్తివా?"

"దూరే పనిలేదు సామీ. లోపల ఉండేది బయటికి తెలస్తాది. రేపు పొద్దున లాయానికి రాండి. మూడు జూపిస్తా. మూడిట్లో ఒకటి తప్పినా నా మాట ఇనొద్దు."

కొండమనాయుడు ఆమె మొహంలోకి చూశాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలియదు. అంతగా కొట్టాక కూడా ఆ గుర్రం తిరగబడలేదన్న సంగతి లోపలెక్కడో ఆయన్ను పీకుతూ ఉందేమో. "వస్తా" అన్నాడు.

పొద్దున్నే పాళెగాడు వచ్చాడు. సోమప్ప వచ్చాడు. సంకెళ్ళతో మారననూ తెచ్చారు.

మొదట బూడిద చూపించింది. "ఊడ్చకుండా పెట్టినా సామీ. అడుగులు జూడండి. ఒక్కటన్నా కుడికి పోయిందేమో ఎతకండి." సోమప్ప వంగి వంగి వెతికాడు. ఒక్కటీ లేదు.

తర్వాత గడ్డి తెచ్చింది. గుర్రం ముందు ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా వరసగా పరిచింది. మబ్బోడు తల దించి తిన్నాడు. తన ఎడమ పక్కనున్న సగం శుభ్రంగా తిన్నాడు. కుడి పక్క సగం ముట్టనైనా ముట్టలేదు. ఆకలి తీరక నేల నాకుతూ నిలబడ్డాడు.

"ఆ సగం గడ్డి బాగలేదేమో" అన్నాడు సోమప్ప.

"అట్లనా?" సుంకమ్మ గుర్రాన్ని మెల్లగా నడిపించి, గడ్డికి ఆ వైపు తీసుకుపోయి, మళ్ళీ గడ్డి వైపే మొహం పెట్టి నిలబెట్టింది. ఇప్పుడు మిగిలిన సగం గుర్రానికి ఎడమ పక్కకొచ్చింది. మబ్బోడు ఒక్క పోచ మిగల్చకుండా తినేశాడు.

"గడ్డి మంచిదే సామీ. వాడికి కుడి పక్కన ఒక లోకముందనే తెలవడం లేదు."

కొండమనాయుడు ఒక అడుగు ముందుకొచ్చాడు. మూడోది కన్ను. సుంకమ్మ గాలి తగలకుండా అరచెయ్యి ఎడమ కంటి ముందుకు తెచ్చింది. గుర్రం రెప్ప కొట్టింది. కుడి కంటి ముందుకు తెచ్చింది. రెప్ప కొట్టలేదు. వేలు కంటికి తగలబోయినా కొట్టలేదు.

"కుడి కన్ను గుడ్డిదైంది, అంతే గదా!" అన్నాడు సోమప్ప.

సుంకమ్మ ఒక ఇత్తడి పళ్ళెం తీసుకుని, ఎండను దాని మీద పట్టి, ఆ వెలుగు కుడి కంట్లో పడేటట్టు తిప్పింది. "ఇప్పుడు కంటిపాప జూడండి సామీ." అందరూ చూశారు. వెలుగు పడగానే కంటిపాప ముడుచుకుంది. వెలుగు తీస్తే విచ్చుకుంది.

"కన్ను చెడితే పాప కదలదు. ఇది కదలతా ఉండాది. అంటే కన్ను బాగుండాది. కన్ను కబురు జెప్తానే ఉండాది, లోపల ఇనేవాళ్ళే లేరు. మా నాయన గొర్రెలు కాసినోడు సామీ. గొర్రెకు తిరుగుడు జబ్బొస్తే ఇట్లే ఒక పక్కకే తిరగతాది. చచ్చినాక మా నాయన తలకాయ తెరిచి జూసేవాడు. మెదడులో నీళ్ళ తిత్తి ఉండేది. ఎటు తిరిగితే అటు పక్క తిత్తి. చూపు పోయేది మాత్రం అవతలి కంటిది."

"అదెట్లా? ఎడమ పక్క తిత్తుంటే కుడి కన్ను పోతాదా?" అని అడిగాడు కొండమనాయుడు.

"ఎందుకో నాకు తెలవదు సామీ. మా నాయనకూ తెలవదు. ఎన్ని తలకాయలు తెరిచినా అట్లే ఉండేది."

"గొర్రెల శాస్త్రం తెచ్చి గుర్రాల లాయంలో జెప్తా ఉండాది!" అని సోమప్ప మండిపడ్డాడు.

కొండమనాయుడు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. సుంకమ్మను అడిగాడు: "గుర్రం ఇంక బతకదా?"

"బతకదు సామీ." ఆమె మబ్బోడి జూలు నిమిరింది. "వాడు పొయ్యేదాకా కొట్టొద్దు. వాతలు పెట్టొద్దు. నాకియ్యండి, నేను జూసుకుంటా. పోయినాక తల తెరిచి జూడండి. అందాక మారనన్న చెయ్యి ఉండనీండి."

"తెరిచినాక లోపల ఏమీ లేకపోతే?"

సుంకమ్మ తన కుడిచెయ్యి చాపింది. "అప్పుడు రెండు చేతులు నరకండి సామీ. మారనన్నదొకటి, నాదొకటి."

సంకెళ్ళలో ఉన్న మారన తల ఎత్తి ఆమెను చూశాడు. ముప్పయ్యేళ్ళలో అతను ఆమెను సరిగా చూడడం అదే మొదలు. కొండమనాయుడు సరేనని తల ఊపాడు. మారనను మళ్ళీ కొట్లోకి తీసుకుపోయారు.

నలభై రోజులు సుంకమ్మ ఆ గుర్రాన్ని సాకింది. మేత ఎడమ పక్కనే పెట్టింది, నీళ్ళు ఎడమ పక్కనే పెట్టింది. తల ఆనించే గోడకు గడ్డి మోపులు కట్టింది. వాతల మీద వెన్న రాసింది. వాడు ఎడమకు తిరుగుతుంటే తనూ పక్కన ఎడమకు తిరిగింది. "మనకేం పోయె మబ్బోడా, తిరుగుదాం పా" అనేది. నలభై ఒకటో రోజు పొద్దున వాడు పడుకున్నాడు, కాళ్ళు కొట్టుకున్నాడు, ఎండ ఎక్కకముందే పోయాడు.

అందరూ లాయం దగ్గర చేరారు, సంకెళ్ళతో మారననూ తెచ్చారు. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఆ కోటలో ఒక కట్టడి ఉంది. పాళెగాడి గుర్రాన్ని కత్తి తగలకుండా నిండు దేహంతో పూడ్చాలి. రేపు పాళెగాడు పోతే వీరస్వర్గానికి మోసుకుపోయేది ఆ గుర్రమేనని వాళ్ళ నమ్మకం. దాని ఒంట్లో కత్తి దించిన చెయ్యి ఇంకెప్పుడూ ఏ గుర్రాన్నీ తాకకూడదు. తల తెరవమంటే ఒక్కడూ ముందుకు రాలేదు.

"ఎవురూ తెరవకపోతే?" అని అడిగింది సుంకమ్మ.

"తెరవకపోతే రుజువు లేదు. రుజువు లేకపోతే తీర్పు తీర్పే" అన్నాడు సోమప్ప.

"అయితే నేను తెరస్తా."

"కట్టడి ఇన్నావు గదా?" అన్నాడు కొండమనాయుడు. "మళ్ళా గుర్రాన్ని తాకడానికి లేదు, చచ్చేదాకా."

ఆమెకు లోకంలో ఉన్నది ఆ లాయం ఒక్కటే. వీపు మీద వెచ్చటి ముక్కు తగలడం తప్ప ఆమె ఎరిగిన ముద్దూ మురిపెం ఇంకేమీ లేవు. ఆమె మారన చేతిని చూసింది, తన చేతిని చూసుకుంది. "ఇన్నాను సామీ" అని ఉలీ సుత్తీ తీసుకుంది.

ముందు మబ్బోడి చెంప మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టి తీసింది. తర్వాత తన తండ్రి తెరిచినట్టే, నుదుటి మీద నాలుగు వైపులా ఉలితో గీసి ఎముక పలక లేపింది. అందరూ వంగి చూశారు. మెదడు తెల్లగా ఉంది. తిత్తి లేదు. నీళ్ళు లేవు.

"ఏదీ, యాడ నీ తిత్తి?" అన్నాడు సోమప్ప. మారన కళ్ళు మూసుకున్నాడు.

సుంకమ్మ ఇంకొంచెం వంగింది. గొర్రెకైతే ఈపాటికి తిత్తి పైకి ఉబికి ఉండేది. ఇక్కడ లేదు. ఆమె కుడి పక్క మెదడును వేలితో మెల్లగా ఒత్తింది. మెత్తగా దిగింది. ఎడమ పక్క ఒత్తింది. మెత్తగా దిగి, లోపల గట్టిగా ఏదో తగిలింది. ఆ చోటును రెండుగా విడదీసింది. లోతుగా, ఉసిరికాయంత గడ్డ. చుట్టూ ఉన్న మెదడంతా నలిగి పక్కకు ఒరిగి ఉంది.

"నేను తప్పు జెప్పినా సామీ" అంది సుంకమ్మ. "గొర్రెకు మాదిరి తిత్తి అనుకున్నా. ఇది తిత్తి కాదు, గడ్డ. ఇట్లాంటిది నేనూ ఎప్పుడూ చూళ్ళేదు. పక్క మాత్రం ఎడమే."

కొండమనాయుడు ఆ గడ్డను చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది తలలో పెట్టుకోని ఉన్నప్పుడేనా నేను దాన్ని కొట్టింది?"

"అవును సామీ."

"నొప్పి తెలిసిందా దానికి?"

"తెలిసింది సామీ. చెప్పుకోను నోరు లేదు, అంతే."

మారన సంకెళ్ళు తీయించారు. కొండమనాయుడు సుంకమ్మ వైపు తిరిగాడు. "ఏం కావాలో అడుగు. ఏదడిగినా ఇస్తా." కట్టడి ఎత్తెయ్యమని అడుగుతుందని అందరూ అనుకున్నారు. అడిగి ఉంటే ఆయన ఎత్తేసేవాడే.

సుంకమ్మ అది అడగలేదు. "పూడ్చేముందు వాడి తల కాడ కూసోని, తెలియక కొట్టినా, మన్నించు అని జెప్పండి సామీ. ఇంకేమీ వద్దు."

పాళెగాడు గుర్రాన్ని మన్నింపు అడగడం అంతకుముందు ఎవరూ కని విని ఎరగరు. సోమప్ప నోరు తెరవబోయాడు గానీ, కొండమనాయుడు అప్పటికే నేల మీద కూర్చున్నాడు. చచ్చిన గుర్రం చెవి దగ్గరికి వంగి చెప్పాడు. మెల్లగా చెప్పాడు గానీ అందరికీ వినబడింది.

ఆ తర్వాత సుంకమ్మ లాయం బయట, గోడ పక్కన ఒక గుడిసె వేసుకుంది. లోపలికి పోలేదు. కట్టడి కట్టడే. అయితే జనం ఊరుకుంటారా? ఎక్కడ ఏ పశువు తేడాగా ఉన్నా ఆమె దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు. గుర్రమైతే దూరంగా నిలబడి, "బూడిద చల్లు నాయనా. గడ్డి అడ్డంగా పరుచు. చెయ్యి కంటి ముందుకు తే" అని చెప్పి చేయించేది. లాయంలోని గుర్రాలు గోడ మీంచి మెడ చాచి ముక్కులు ఆమె వైపు పెట్టేవి. ఆమె రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడేది. అట్లా ఎన్నేళ్ళు నిలబడిందో లెక్క లేదు.

మారన సంగతేమిటంటారా? అతని చెయ్యి అతనికి ఉంది. ఆ చేత్తోనే ఉలవల్లో రాళ్ళు ఏరుతూ వచ్చాడు. ఆ నాటి నుంచి అతను లద్దెల్ది అన్న మాట మానేశాడు. మానేశాడే గానీ, సుంకమ్మా అని పిలవడానికి నోరు రాలేదు. తిట్టడానికి తడుముకోని నాలుక మన్నించమనడానికి మడత పడింది.

ఒక ఉగాది నాడు ఆమె గుడిసె ముందుకొచ్చాడు. ఏదో చెప్పడానికే వచ్చాడని ఆమెకు తెలుసు. చేట పక్కన పెట్టి ఎదురుచూసింది. అతను మీసం దువ్వుకుని, "ఈ ఏడు వానలెట్లుంటాయో" అని వెళ్ళిపోయాడు.

ఇంకో ఏడు, ఆమె గుడిసె కప్పు గాలికి లేచిపోతే వచ్చి బోదగడ్డితో కొత్త కప్పు వేశాడు. దిగి నిలబడ్డాడు. ఆమె మళ్ళీ ఎదురుచూసింది. "బోద గట్టిగా కట్టినా, రెండేండ్లు వస్తాది" అని వెళ్ళిపోయాడు.

మూడోసారి ఆమె జ్వరంతో మంచాన పడి ఉంది. గంజి తెచ్చాడు. పక్కన కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. "మారనన్నా, ఏమన్నా జెప్పాల్నా?" అని ఆమే అడిగింది. "ఏం లేదు, గంజి తాగు. రేపొస్తా" అన్నాడు.

రేపు వచ్చేసరికి సుంకమ్మ లేదు.

అప్పుడు మారన లాయంలోకి పోయి, ముసలి ఆడగుర్రాన్నొకదాన్ని విప్పి తీసుకొచ్చాడు. ఆమె చెయ్యి గుర్రాన్ని తాకకూడదనే గానీ, గుర్రం ఆమెను తాకకూడదని కట్టడిలో లేదు. ఆ గుర్రం తల దించి, చల్లబడిన ఆమె అరచేతిని వాసన చూసి, ముక్కుతో మెల్లగా తోసింది. మారన తలాపున కూలబడ్డాడు. కోరమీసమంతా తడిసేలా ఏడుస్తూ ఆమె చెవి దగ్గర చెప్పాడు: "సుంకమ్మా, తెలియక అన్నా. మన్నించమ్మా. నా చెయ్యి నీదే. సుంకమ్మా, సుంకమ్మా." ఇన్నేళ్ళూ పలకని పేరును ఆ ఒక్క పూటలో వందసార్లు పలికాడు. ఊరంతా విన్నది. వినాల్సిన మనిషి మాత్రం వినలేదు.

ఆ కోట ఇప్పుడు లేదు, ఆ లాయమూ లేదు. అయినా ఆ పక్కల ఎద్దు కాడి కింద మొరాయిస్తే పెద్దవాళ్ళు ముందు కర్ర ఎత్తనివ్వరు. "సుంకమ్మ గడ్డి పరిచి జూసినావా?" అంటారు. పశువు పోతే ఇంటి పెద్ద దాని తల దగ్గర కూర్చుని తెలియక కొట్టినా అని చెప్పాకే పూడుస్తారు. మొగుడూ పెళ్ళాం, అన్నా తమ్ముడూ మాటా మాటా అనుకుని మొహాలు తిప్పుకుంటే, "మారన మన్నింపు కానీయొద్దురా, బతికుండగానే జెప్పుకోండి" అంటారు.

అందుకే ఆ పక్కల అన్నాలకు ముందు ఈ కథ చెప్పిన ఏ అవ్వా చివర్న ఒక మాట అనకుండా లేవదు. నేనూ అంటున్నాను. మీలో ఎవరికైనా ఎవరితోనైనా చెప్పాల్సిన మాట మిగిలి ఉంటే, పోయి చెప్పి రండి. మీరు వచ్చేదాకా అన్నాలు వడ్డించకుండా ఉంటాంలే.